ఆదివారం మీ అరుగు మీద కూర్చునేవాళ్లు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు దగ్గరున్న రాయగడ జిల్లా గుణుపూర్. నా వయసు 33. పర్లాకిమిడిలో బి.కాం. చదివి, తొమ్మిదేళ్లుగా ఇక్కడే ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తున్నాను. జీతం 15,000 రూపాయలు. ఇంట్లో అమ్మ, నాన్న, భార్య, ఐదేళ్ల పాప. సొంతంగా ఏదైనా వ్యాపారం పెట్టాలన్న కోరిక ఆరేళ్లుగా ఉంది. పుట్టగొడుగుల పెంపకం, పేపర్ ప్లేట్ల మెషిన్, సెల్‌ఫోన్ల షాపు, పేరున్న టీ కంపెనీ బ్రాంచి, ఇలా ఒక్కోసారి ఒక్కోటి అనుకుంటాను. వీడియోలు చూసిన రెండు రోజులూ నిద్ర పట్టనంత ఉత్సాహం ఉంటుంది, మూడో రోజుకు చప్పగా చల్లారిపోతుంది. మా నాన్న నడిపిన కిరాణా కొట్టు 2011లో మూతపడింది. ఆ అప్పులు తీర్చడానికి అమ్మ మెడలో గొలుసు అమ్మాల్సి వచ్చింది. వ్యాపారం మాట ఎత్తితే నాన్న లేచి వెళ్లిపోతారు. ఉన్న ఉద్యోగం పోగొట్టుకోవద్దని నా భార్య అంటుంది. కూర్చుని ఆలోచిద్దామంటే ఆదివారం కూడా తీరిక దొరకదు, చుట్టుపక్కల కొట్లవాళ్లు జీఎస్టీ నోటీసులు పట్టుకొస్తారు, చదివి చెప్పి పంపేసరికి మధ్యాహ్నమవుతుంది, తెలిసినవాళ్లు కదా, డబ్బులు తీసుకోను. నాలో పట్టుదల లేదా, లేక దారి తెలియడం లేదా? ఆ రెండూ ఎలా తెచ్చుకోవాలో చెప్పండి.

సమాధానం: మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇక్కడ అచ్చువేసింది దాని సారాంశం మాత్రమే, అసలు ఉత్తరం నాలుగు పేజీలుంది. అందులో మూడున్నర పేజీలు మీరు చేయలేకపోయిన పనుల గురించే రాశారు. మీరు ఇప్పటికే చేస్తున్న పని గురించి మాత్రం, అదీ తీరిక దొరకడం లేదన్న ఫిర్యాదుగా, చివర్లో ఒకే ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఆదివారం పొద్దున్నే మీ అరుగు మీద కొట్లవాళ్లు వచ్చి కూర్చుంటారన్న ఆ వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. చేతిలో వెన్నపెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరగడమంటే ఇదే కదా అనిపించింది, మిమ్మల్ని నొప్పించడానికి ఈ మాట అనడం లేదు. ఆరేళ్లుగా మీరు వెతుకుతున్న దారి మీ ఇంటి గుమ్మం ముందు నుంచే పోతోందని నేను నిజంగా నమ్ముతున్నాను కాబట్టి అంటున్నాను.

ముందుగా పట్టుదల సంగతి. నేను 26 ఏళ్లు బ్యాంకులో పనిచేశాను, అందులో ఎక్కువ కాలం చిన్న అప్పుల బల్ల దగ్గరే కూర్చున్నాను. వ్యాపారం పెడతామంటూ నా ఎదుట కూర్చున్నవారిలో ఉత్సాహం లేనివారు దాదాపు ఎవరూ లేరు, కానీ ఆ ఉత్సాహానికీ తర్వాత ఆ వ్యాపారం నిలబడటానికీ నాకు పెద్ద సంబంధం కనిపించలేదు. ఒక యువకుడు పేపర్ ప్లేట్ల మెషిన్ కోసం అప్పు తీసుకున్నాడు. రంగుల ఫోటోలతో ప్రాజెక్టు రిపోర్టు తెచ్చాడు, కళ్లలో వెలుగుతో మాట్లాడాడు, నేనూ సంతోషంగానే సంతకం పెట్టాను. ఏడాది తర్వాత తనిఖీకి వెళితే ఆ మెషిన్ వాళ్ల వసారాలో నీలం రంగు ప్లాస్టిక్ పట్టా కప్పుకుని ఉంది, పట్టా మీద వడియాలు ఎండబెట్టి ఉన్నాయి. ప్లేట్లు ఎవరు కొంటారన్న ప్రశ్న మెషిన్ వచ్చాక గానీ అతనికి ఎదురు కాలేదు. ఆ మాట నేను కూడా ముందే అడిగి ఉండాల్సింది, అడగలేదు, అందులో నా తప్పు ఉందని ఇప్పటికీ అనుకుంటాను.

దాదాపు అదే రోజుల్లో ఒక మధ్యవయసు ఆవిడ వచ్చి 20,000 రూపాయలు అడిగింది. ఆవిడ అడ్డాకులు కుట్టి విస్తళ్లు అమ్మేది. నేను అలవాటుగా, వ్యాపారం పెంచాలని ఎందుకు అనుకుంటున్నారని అడిగాను. ఆవిడకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "రోజుకు 500 విస్తళ్లు కావాలంటున్నాడమ్మా హోటలాయన, నా చేతులతో 200 కంటే కుట్టలేకపోతున్నాను, ఇంకో ఇద్దరిని పెట్టుకుంటే వాళ్లకు వారంవారం కూలి ఇవ్వాలి, హోటలాయన నెలకోసారి గానీ డబ్బులివ్వడు" అని చెప్పింది. ఆ మూడు ముక్కల్లో సరుకు ఎవరు కొంటారు, ఎంత కొంటారు, డబ్బు ఎప్పుడు వస్తుంది, మధ్యలో ఎంత తక్కువ పడుతుంది అన్న సంగతులన్నీ వచ్చేశాయి. పట్టుదల గురించి ఆవిడ ఎన్నడూ ఆలోచించి ఉండదు. రేపు పొద్దున హోటలాయన ఎదురుచూస్తుంటాడు కాబట్టి ఈ రాత్రి ఆకులు కుట్టాలి, అంతే.

మీ విషయంలో చల్లారిపోతున్నది కూడా పట్టుదల కాదని నాకు తోస్తోంది. వీడియోలో చూసిన పుట్టగొడుగుల షెడ్డు దగ్గర మీ కోసం ఎదురుచూసే మనిషి ఎవరూ లేరు, మీరు మొదలుపెట్టకపోతే నష్టపోయేవారూ లేరు, అందుకే మూడో రోజుకు మనసు దాన్ని వదిలేస్తుంది. అదే మనసు ఆదివారం తెల్లవారగానే కొట్లవాళ్ల కోసం లేచి కూర్చుంటోంది కదా, అదీ పైసా తీసుకోకుండా, ఎన్నో ఏళ్లుగా. పట్టుదల లేని మనిషి చేసే పని కాదది. ఇంకొక సంగతి కూడా గమనించండి. మీరు అనుకున్న నాలుగు వ్యాపారాల్లో ఏ ఒక్కదానికీ ప్రత్యేకంగా మీరే కావాల్సిన అవసరం లేదు. డబ్బున్న ఎవరైనా సెల్‌ఫోన్ల షాపు తెరవగలరు. కానీ మీ అరుగు మీదికి వచ్చేవారు మరొకరి దగ్గరికి వెళ్లకుండా మీ దగ్గరికే ఎందుకు వస్తున్నారు?

దానికి జవాబు మీ ఊరు ఉన్న చోటులోనే ఉంది. గుణుపూర్‌లో కొట్టు పెట్టుకున్న తెలుగువాడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, ఆఫీసుకు వెళితే ఒడియాలో మాట్లాడాలి, పన్నుల శాఖ నుంచి వచ్చే కాగితమేమో ఇంగ్లీషులో ఉంటుంది. సరుకు పార్వతీపురం నుంచో విజయనగరం నుంచో తెస్తాడు, కొనేవాళ్లలో సగం మంది సరిహద్దు అవతలి పల్లెలవాళ్లు. వాళ్లకూ ఇతనికీ మధ్య చుట్టరికాలున్నాయి, ఒకే సంతలో తిరుగుతారు, కానీ జీఎస్టీ లెక్కలో అది వేరే రాష్ట్రం. ఈ ఒక్క గీత వల్ల ఎంత తేడా వస్తుందో మిల్లులో లెక్కలు రాసే మీకు నేను చెప్పనవసరం లేదు గానీ, చదువుతున్న మిగతావారి కోసం కొంచెం వివరిస్తాను.

ఒడిశాలో సరుకులు అమ్మే చిన్న వ్యాపారికి ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటేదాకా సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఈ మాట విన్నవాళ్లు నిశ్చింతగా ఉండిపోతారు. కానీ పన్ను పడే సరుకును రాష్ట్రం దాటించి అమ్మితే ఆ 40 లక్షల వెసులుబాటు వర్తించదు, మొదటి అమ్మకం నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి. పన్ను తక్కువ పడుతుందని ఎవరో చెబితే కాంపోజిషన్ పద్ధతిలో (చిన్న వ్యాపారి తన అమ్మకాల మీద ఒక చిన్న శాతం పన్ను కట్టే పద్ధతి) చేరినవారికి మరో చిక్కుంది: ఆ పద్ధతిలో ఉన్నవారు బయటి రాష్ట్రం నుంచి సరుకు కొనవచ్చు గానీ బయటి రాష్ట్రానికి అమ్మకూడదు. భువనేశ్వర్‌లో నడిబొడ్డున కొట్టున్నవాడికి ఈ నిబంధన ఏళ్ల తరబడి గుర్తుకు రాకపోయినా నష్టం లేదు, సరిహద్దు పక్కన ఇనప సామాను అమ్మేవాడు మాత్రం పాతపట్నం నుంచి వచ్చిన మేస్త్రీ చిరునామాతో ఒక్క బిల్లు రాసి సరుకు అక్కడికి పంపినా ఇరుక్కుంటాడు. 50,000 రూపాయలు దాటిన సరుకు సరిహద్దు దాటుతుంటే ఈ-వే బిల్లు, అంటే సరుకుతో పాటు ఉండాల్సిన ఆన్‌లైన్ రవాణా పత్రం, కావాలి. నెలనెలా పన్ను రిటర్ను (ఆ నెల అమ్మకాలు, పన్నుల లెక్క) వేసేవారు తర్వాతి నెల 20వ తేదీలోగా వేయాలి, ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల రుసుము, అమ్మకాలేమీ లేని నెలకైతే 20 రూపాయలు. దానికి గరిష్ఠ పరిమితి ఉన్న మాట నిజమే గానీ, వ్యాపారం మూసేసి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోకుండా ఊరుకున్నవారికి నెలనెలా అది పేరుకుపోతుంది. ఇదంతా తెలియక, లేదా తెలిసినవాడు దగ్గర్లో దొరకక, చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితంతో, ఆ మడతల దగ్గర చెమటకు అక్షరాలు చెరిగిపోయిన కాగితంతో, ఆ కొట్టు పెద్దమనిషి మీ అరుగు మీద కూర్చుంటున్నాడు. మీకు తెలుగు వచ్చు, ఒడియా వచ్చు, ఇంగ్లీషు కాగితం చదవడం వచ్చు, చిట్టా ఆవర్జాలు వచ్చు, అన్నిటికీ మించి ఆ మనిషి తన అసలు లెక్క చెప్పుకునేంత నమ్మకం మీ మీద ఉంది. ఈ ఐదూ ఒక్కచోట ఉన్నవారు మీ ఊళ్లో ఎందరున్నారో లెక్కపెట్టి చూడండి.

కాబట్టి నా సలహా: చిన్న వ్యాపారులకు లెక్కలు రాసిపెట్టడం, రిటర్నులు సకాలంలో వేయించడం, వచ్చిన కాగితాలు చదివి వాళ్ల భాషలో చెప్పడం, దీన్నే మీ వ్యాపారంగా మొదలుపెట్టండి. దీనికి మెషిన్ అక్కర్లేదు, షాపు అద్దె అక్కర్లేదు. ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, సరైన ఇంటర్నెట్ ఉంటే చాలు.

చట్టపరంగా రెండు మూడు సంగతులు జాగ్రత్తగా చూసుకోవాలి. ఎవరి కొట్టు లెక్కలైనా రాసిపెట్టడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. కానీ ఇతరుల తరఫున అధికారికంగా రిటర్నులు వేయాలంటే జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా పేరు నమోదు చేసుకోవాలి, దానికి కేంద్రం నిర్ణయించిన పరీక్ష ఒకటి ఉంటుంది. కామర్స్ డిగ్రీ ఉన్నవారు నమోదుకు అర్హులు కాబట్టి మీ బి.కాం. పట్టా ఇక్కడ అక్కరకు వస్తుంది. వీడియోల మీద పెట్టే గంటల్లో సగం ఆ పరీక్ష మీద పెట్టండి. ఆడిట్లు, పెద్ద వివాదాలు, అప్పీళ్లు మీ నెత్తిన వేసుకోకండి, వాటికి రాయగడలోనో విజయనగరంలోనో ఉన్న ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌తో ముందే పరిచయం పెట్టుకుని, ఇది నా చేతిలో పని కాదు, ఆయన దగ్గరికి వెళ్లండి అని చెప్పగలగాలి. ఆ మాట చెప్పగలిగినవాడి మీదే జనానికి గురి కుదురుతుంది. ఇక, ఈ పని చేసే చాలామంది, వ్యాపారుల పాస్‌వర్డులు తమ ఫోన్లో దాచుకుని, ఓటీపీలు కూడా తమ నంబరుకే వచ్చేలా పెట్టేస్తారు. దయచేసి మీరు ఆ పద్ధతి జోలికి పోకండి. రిజిస్ట్రేషన్‌లో వ్యాపారి సొంత నంబరే ఉండాలి, పాస్‌వర్డు అతని దగ్గరే ఉండాలి, మీరు వేసిన ప్రతి రిటర్ను నకలూ అతని చేతికి ఇవ్వాలి.

అన్నిటికంటే కష్టమైన పని డబ్బు అడగడం. తెలిసినవాళ్లు కదా అని రాశారు. నిజమే, కానీ తెలియనివాళ్లు మీ దగ్గరికి ఎలాగూ రారు, చిన్న ఊరిలో వ్యాపారమంతా తెలిసినవాళ్లతోనే. మీరు డబ్బు తీసుకోకపోవడం వల్ల వాళ్లకు మేలు జరుగుతోందనుకుంటున్నారు గానీ, ఉచితంగా చేయించుకునేవాడు తేదీ దాటిపోయినా నోరు తెరిచి అడగలేడు, మొహమాటపడి చివరి రోజుదాకా రాడు, తప్పు జరిగితే ఎవరిని అనాలో తెలియదు. జరిగిపోయిన పనికి ఏమీ అడగకండి. వచ్చే నెల నుంచి మాత్రం ఇలా చెప్పండి: "బాబాయ్, ఇన్నాళ్లూ కుదిరినప్పుడు చూశాను. ఇక నుంచి మీ లెక్కలు నెలనెలా నేనే చూస్తాను, 5వ తేదీకల్లా బిల్లులు నాకిస్తే 18వ తేదీకల్లా పని పూర్తిచేసి కాగితం మీ చేతికిస్తాను. నెలకు 600 రూపాయలు ఇవ్వండి." చెప్పాక మౌనంగా ఉండండి. ఆ మౌనంలో మీరే 400 చాలు అనేస్తారేమోనని నా భయం. పదిమందిలో నలుగురు ఒప్పుకుంటారు, ముగ్గురు చూద్దామంటారు, మిగతావాళ్లు మరుసటి ఆదివారం నుంచి కనబడరు. బాధపడకండి, ఉచితం కాబట్టి వచ్చినవాళ్లెవరో, పని కోసం వచ్చినవాళ్లెవరో ఆ రోజే మీకు తెలిసిపోతుంది. ఒప్పుకున్నవాళ్లు పన్నెండుమంది అయ్యేసరికి నెలకు 7,200 రూపాయలు, అంటే మీ జీతంలో దాదాపు సగం. ఈ అంకె మీ ఊరి ధరలను బట్టి మారవచ్చు. 600 ఎక్కువనిపిస్తే 500 అడగండి, కానీ ఏదో ఒక అంకె నోటితో పలకడం మాత్రం తప్పదు.

ఇప్పుడు మీ నాన్నగారి కొట్టు దగ్గరికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కదిలించింది ఆ భాగమే. 2011లో కొట్టు మూతపడింది, గొలుసు అమ్మారు, ఆ మాట ఎత్తితే ఆయన లేచి వెళ్లిపోతారు. పద్నాలుగేళ్లు దాటినా ఆ కొట్టు మీ ఇంట్లో ఇంకా మూతపడుతూనే ఉంది. వ్యాపారమంటే మునిగిపోవడమే అని మీకు ఎవరూ చెప్పకుండానే మనసులో నాటుకుపోయింది. ఎందుకు మునిగిందో మాత్రం మీ నాలుగు పేజీల్లో ఒక్క ముక్క లేదు. బహుశా మీకూ తెలియదు.

కిరాణా కొట్టు నడిపిన మనిషి ఇంట్లో అటక మీదో, బీరువా అడుగునో ఎర్ర బట్ట అట్ట వేసిన పొడవాటి ఖాతా పుస్తకం ఒకటి ఉండే ఉంటుంది. మూసేసిన కొట్ల సామానంతా అమ్మేసినవాళ్లు కూడా ఆ పుస్తకం మాత్రం పారెయ్యరు, ఎందుకంటే రావలసిన బాకీలన్నీ అందులోనే ఉంటాయి. నా ఉద్యోగంలో అలాంటి పుస్తకాలు ఎన్నో చూశాను. మొదటి పేజీల్లో పద్దులు వరసగా, జమ ఎదురుగా జమ, బాకీ ఎదురుగా వసూలు, చక్కటి చేతిరాతతో ఉంటాయి. పోనుపోను వసూలు వైపు ఖాళీ పెరుగుతుంది. చివరి పేజీల్లో పేరు, సరుకు, రూపాయలు ఎడమవైపున రాసి ఉంటాయి, కుడివైపు ఏమీ ఉండదు. అలమర్లు ఖాళీ అవుతుంటే ఈ పుస్తకం నిండుతుంది. చాలా కొట్లు అమ్మకాలు లేక మూతపడలేదు, అమ్మిన సరుకు డబ్బు తిరిగి రాక, టోకు వ్యాపారికి కట్టడానికి వడ్డీకి తెచ్చి, ఆ వడ్డీతో మూతపడ్డాయి. మీ నాన్నగారి కొట్టు కూడా అలాగే పోయిందని నేను చెప్పలేను, ఆ పుస్తకం చూస్తే మీరు చెప్పగలరు. మీరు లెక్కలు చదవడం వచ్చిన మనిషి. ఆయనను నిలదీసినట్టుగా కాకుండా, "నాన్నా, ఈ పద్దులు ఎలా రాసేవారో నాకు చూపించండి" అని అడగండి. చివరి రెండేళ్లలో ఎంత అరువు పోయింది, అందులో ఎంత వసూలైంది, టోకు బాకీ ఎంత, వడ్డీ ఎంత, ఈ నాలుగు అంకెలు ఒక కాగితం మీద వేయండి. అన్నేళ్లుగా ఆయన తన చేతగానితనమని అనుకుంటున్నది, నలుగురికీ కాదనలేని మంచితనమని తేలవచ్చు. అప్పుడు మీరు మోస్తున్న భయానికి కూడా ఒక కొలత దొరుకుతుంది. నేను చెప్పిన పనిలో సరుకు అరువు ఇవ్వడం ఉండదు, పోతే మీ సాయంత్రాలు పోతాయి, అమ్మ మెడలో గొలుసు పోదు. అయినా ఒక జాగ్రత్త ఆ పుస్తకం నుంచే నేర్చుకోండి: రెండు నెలల డబ్బు బాకీ పడినవారికి మూడో నెల పని ఆపేస్తానని మొదటిరోజే చెప్పండి.

మీ ఊరి రైలు గురించి ఒక్క మాట. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి అక్కడి రాజావారు వేయించిన చిన్న రైలుమార్గం 1900లో మొదలైంది, దాదాపు 40 కిలోమీటర్లు. మొదటి పదేళ్లూ నష్టాలే వచ్చాయి, ఆ తర్వాత కొద్దికొద్దిగా లాభం కనబడింది, ఆ లాభం గట్టిపడ్డాకే మార్గాన్ని పొడిగించారు, గుణుపూర్ దాకా రైలు వచ్చేసరికి 1931 అయింది. పర్లాకిమిడి దాకా వేసిన పట్టాల మీద ఎవరు ఎక్కుతున్నారు, ఏ సరుకు వెళుతోంది అన్నది ఏళ్ల తరబడి చూశాకే ముందుకు కదిలారు. సంస్థానాధీశులకే అన్నేళ్లు పట్టినప్పుడు, 15,000 జీతగాడు ఆరు నెలలు నిదానించడం పిరికితనమేమీ కాదు.

అందుకే ఉద్యోగం ఇప్పుడే మానకండి. ఈ విషయంలో మీ భార్య చెప్పిన మాటే నా మాట కూడా. ఆవిడ మీకు అడ్డుపడుతున్నారని అనుకోవద్దు, గొలుసు అమ్ముకున్న ఇంటికి కోడలిగా వచ్చిన మనిషికి ఆ భయం ఉండటం సహజం. ఆవిడకు వీడియోలు చూపించకండి, నెలాఖరున ఎవరెవరు ఎంత ఇచ్చారో రాసిన కాగితం చూపించండి. ఆరు నెలలు వరసగా మీ జీతంలో సగానికి తగ్గకుండా బయటి నుంచి వస్తే, అప్పటికి ఇంటి ఖర్చుకు ఆరు నెలల డబ్బు బ్యాంకులో విడిగా ఉంటే, ఉద్యోగం సంగతి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. మిల్లు యజమానికి కూడా చాటుగా కాకుండా ముందే చెప్పేయండి. పని గంటల్లో బయటి పని చేయనని, మరో మిల్లు లెక్కలు ముట్టుకోనని, ఇక్కడి లెక్క బయటికి పోదని మాట ఇవ్వండి, ఇచ్చిన మాట మీద నిలబడండి. లెక్కలు రాసేవాడికి నోరు కట్టడిలో లేకపోతే అతనికి ఆ ఊళ్లో పని ఉండదు. ఆయన ఒప్పుకోకపోతే? ఒప్పుకోని యజమానులూ ఉంటారు. అప్పుడు ఆ పరీక్ష పూర్తయ్యేదాకా ఓపికపట్టి, ఈలోగా డబ్బు కూడబెట్టుకోండి, ఆయనకు తెలియకుండా మాత్రం చేయకండి.

అప్పుల గురించి, పథకాల గురించి క్లుప్తంగా చెబుతాను. చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే ముద్రా పథకంలో, శిశు అనే మొదటి రకం కింద 50,000 రూపాయల దాకా హామీ లేకుండా బ్యాంకులు ఇస్తాయి, కంప్యూటర్‌కు అది సరిపోతుంది. కానీ మొదటి ఐదుగురు ఖాతాదారులు డబ్బు కట్టేదాకా అప్పు జోలికి పోవద్దు, అప్పటిదాకా సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్‌తో నెట్టుకురండి. చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ ఉంటే మీరే అరగంటలో చేసుకోవచ్చు, దానికి ఎవరికీ పైసా ఇవ్వనక్కర్లేదు. దేశంలో చాలా జిల్లాల్లో లీడ్ బ్యాంకు (జిల్లాలోని బ్యాంకుల పనిని సమన్వయం చేసే బ్యాంకు) ఆధ్వర్యంలో స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు నడుస్తున్నాయి, 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన సంస్థను చూసి పెట్టినవి అవి. భోజనం, వసతితో సహా శిక్షణ ఉచితం. లెక్కల్లో వాళ్లు మీకు నేర్పేది తక్కువే ఉండవచ్చు గానీ, ధర ఎలా కట్టాలి, ఖాతాదారుతో ఎలా మాట్లాడాలి అన్న పాఠాలు మీకు తప్పకుండా ఉపయోగపడతాయి. సబ్సిడీ ఎంత వస్తుందో ముందు లెక్కవేసి, దానికి తగిన వ్యాపారం తర్వాత వెతుక్కునేవాళ్లను బ్యాంకులో చాలామందిని చూశాను. ఆ దోవన వెళ్లకండి.

ఉత్సాహం లేని రోజులు ఇందులో కూడా వస్తాయి. 18వ తేదీ రాత్రి కరెంటు పోతుంది, జీఎస్టీ పోర్టల్ తెరుచుకోదు, బిల్లులు 5వ తేదీకి ఇస్తానన్న మనిషి 17న సంచీ నిండా చిత్తుకాగితాలు తెచ్చి పోస్తాడు. ఆ రోజుల కోసం మనసు మీద ఆధారపడకుండా వేళలు పెట్టుకోండి. మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం 7 నుంచి 9 దాకా, ఆదివారం పొద్దున 8 నుంచి 11 దాకా అని ఒక అట్టముక్క మీద తెలుగులోనూ ఒడియాలోనూ రాసి అరుగు మీద వేలాడదీయండి. 11 దాటాక పాపతో గడపండి. ఇప్పటిలా మధ్యాహ్నం దాకా సాగితే ఏడాది తిరక్కుండానే మీకు విసుగొస్తుంది, ఇంట్లోవాళ్లకు అంతకంటే ముందే వస్తుంది.

పక్కనే ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, వచ్చిన ప్రతి మనిషీ అడిగిన ప్రశ్నను అతని మాటల్లోనే రాయండి. మూడు నెలల తర్వాత చదివితే ఒకే ప్రశ్న పదిసార్లు కనిపిస్తుంది. అది సరిహద్దు అవతలికి బిల్లు ఎలా రాయాలన్నదే కావచ్చు, అప్పుడు అలాంటి కొట్లకే ప్రత్యేకంగా పనిచేయవచ్చు. మూసేసిన కొట్టు రిజిస్ట్రేషన్ రద్దు చేయించడం కావచ్చు. బ్యాంకు అప్పుకు కాగితాలు సిద్ధం చేయడం కావచ్చు. మీరు అడుగుతున్న దిశను ఆ పుస్తకమే చూపిస్తుంది, గుణుపూర్ ముఖం చూడని నేను ఇక్కడి నుంచి చూపించలేను. మూడు నెలల్లో డబ్బిచ్చేవాళ్లు నలుగురు కూడా కుదరకపోతే, ధర వల్లనా, నమ్మకం వల్లనా, వేళల వల్లనా అని రాకుండా పోయినవాళ్లలో ఇద్దరిని నేరుగా అడగండి. ఆ జవాబు విన్నాక కూడా పని సాగకపోతే ఆపేయండి, పోయినవి మూడు నెలల సాయంత్రాలే, పైగా పరీక్షకు చదివిన చదువు మీ దగ్గరే ఉంటుంది.

ఈ ఆదివారం మొదట వచ్చే పెద్దమనిషి కాగితం ఎప్పటిలాగే చదివి చెప్పండి, పని పూర్తిచేయండి, లేచేముందు వచ్చే నెల నుంచి నెలకింత అన్న ఆ ఒక్క మాటా అడగండి. సాయంత్రం అటక మీది పుస్తకం దించి దుమ్ము దులపండి. మీ నాన్నగారు పక్కన కూర్చున్నారో లేదో, ఆ నాలుగు అంకెలు ఎంతెంత తేలాయో నాకు రాయండి, నేను ఎదురుచూస్తుంటాను.